బెంచీ మీద అమ్మ

మొన్న ఆదివారం ఫోన్‌లో ఖాళీ లేదంటుంటే, పాత ఫొటోలు కొన్ని తీసేద్దామని కూర్చున్నాను. తీసేయడం సంగతి దేవుడెరుగు, చూస్తూ అలా కూర్చుండిపోయాను. 2014 నుంచీ ప్రతి చలికాలం ఫొటోలూ ఉన్నాయి. నాలుగేళ్ళ మా పెద్దది గులాబీరంగు స్నో సూట్‌లో, బొంత చుట్టిన బొమ్మలా ఉంది. మావారు వెల్లకిలా పడి, లేవలేక నవ్వుతున్నారు. మా చిన్నాడు స్లెడ్ మీద కూర్చుని, గుట్ట మీంచి జారడానికి ముందు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎంత బావున్నాయో! కానీ అన్నీ చూశాక తట్టింది, వాటిలో నేను లేను. తీసింది నేను కదా మరి.

ఒకే ఒక్క ఫొటోలో మాత్రం ఓ మూలగా దొరికాను. బెంచీ మీద మూడు జతల బూట్లు, రెండు సంచులు, ఒక ఫ్లాస్కు, వాటి మధ్యన మఫ్లర్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టిన ఒక ఆకారం. అది నేనే. పదేళ్ళ చలికాలాల్లో నాకు మిగిలిన ఫొటో అదొక్కటే.

మేముండేది కెనడా రాజధాని ఒట్టావాలో. ప్రపంచంలో బాగా చలిగా ఉండే రాజధానుల్లో ఇదొకటి. జనవరిలో మైనస్ ఇరవై అంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. అంత చలిలోనూ జనం ఇంట్లో కూర్చోరు సరికదా, ఊరంతా రీడో కాలువ మీద ఉంటుంది. 1832లో కట్టడం పూర్తయిన కాలువ అది. ఒట్టావా నుంచి కింగ్‌స్టన్ దాకా 202 కిలోమీటర్లు. ఎండాకాలంలో దాని మీద పడవలు తిరుగుతాయి. చలికాలం వస్తే, ఊరి మధ్యలో ఉన్న 7.8 కిలోమీటర్ల మేర గడ్డకట్టి, పిల్లా పెద్దా అందరూ స్కేటింగ్ చేసే దారి అయిపోతుంది. టికెట్టు లేదు. స్కేట్స్ ఉంటే చాలు, లేకపోతే అక్కడే అద్దెకిస్తారు. ఆకుపచ్చ జెండా ఉంటే తెరిచినట్టు, ఎర్రజెండా ఉంటే మూసినట్టు. కొందరు ఆ కాలువ మీదే స్కేటింగ్ చేసుకుంటూ ఆఫీసుకి కూడా వెళ్తారంటే మొదట నేను నమ్మలేదు. బ్రీఫ్‌కేసు పట్టుకుని జారుకుంటూ పోయే ఒకాయన్ని కళ్ళారా చూశాక నమ్మాను.

తెనాలి దగ్గర కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని నేను. కాలవంటే నీళ్ళు, బట్టలుతికే చప్పుడు, గేదెలు. ఆ కాలవ మీద జనం నడవడమే విచిత్రం, ఇంక జారడమా? పైగా నేను చదివిన బి.ఏ. తెలుగులో చలికి పద్యాలు బోలెడున్నాయిగానీ మాటలు తక్కువ. పొద్దున్నే ఆకుల మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, రాయిలా గట్టిపడి కాళ్ళ కింద జారేదీ మంచే. ఇక్కడికొచ్చాక మొదటి చలికాలంలో తెలిసింది, అవి నాలుగూ నాలుగు రకాలని, నాలుగింటికీ నాలుగు రకాల బూట్లు కావాలని!

ఆ బూట్ల సంగతీ, బట్టల సంగతీ ఇంట్లో ఎవరు చూస్తారు? ఇంకెవరు, మనమే. మంచులోకి కుటుంబమంతా వెళ్ళడమంటే పెళ్ళికి బయల్దేరినట్టే. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, చెమట పట్టిందంటే తడి ఆరక చలి పట్టేస్తుంది. లోపల పల్చటి థర్మల్, దాని మీద ఉన్ని, దాని మీద గాలి దూరని కోటు. స్కేట్స్‌లోకి రెండు జతల మందపు మేజోళ్ళు వేస్తే కాలు ఇరుక్కుని రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది, ఒక్క పల్చటి జత చాలు. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు, పిల్లలు ఏడిస్తే నేర్చుకున్నాను. స్నో ప్యాంటు, కోటు, టోపీ, గ్లోవ్స్, మఫ్లర్ అన్నీ తొడిగి, జిప్పులన్నీ పెట్టి, తలుపు తాళం వేసే సమయానికి మా చిన్నాడు "అమ్మా, బాత్రూమ్" అనేవాడు. ఈ బాధ మీలో ఎంతమందికి తెలుసో!

తిండి సంగతి సరేసరి. మొదటి ఏడాది ప్రయాణం అలవాటు కొద్దీ పులిహోర కట్టాను. అక్కడికెళ్ళి డబ్బా తెరిస్తే మెతుకు మెతుకూ గడ్డకట్టి గులకరాళ్ళయ్యాయి. మర్నాటి నుంచి ఫ్లాస్కులో మిరియాల చారు. వేడివేడిగా గ్లాసుల్లో పోసిస్తుంటే పక్కనున్న తెల్లవాళ్ళు కూడా ఆ ఘాటుకి తిరిగి చూసేవారు. పిల్లలు మాత్రం చారు తాగేసి, బీవర్‌టెయిల్ కొనమని పేచీ పెట్టేవారు. అదేంటంటే, గోధుమపిండి ముద్దని బీవర్ తోకలా పొడుగ్గా సాగదీసి నూనెలో వేయించి, పైన దాల్చినచెక్క పొడి, పంచదార జల్లి ఇస్తారు. మన తీపి పూరీకి వేలువిడిచిన చుట్టం.

ఇలా ఏడెనిమిది చలికాలాలు గడిచాయి. వాళ్ళు ముగ్గురూ స్కేట్స్ కట్టుకుని వెళ్ళిపోయేవారు. నేను బెంచీ మీద కూర్చుని బూట్లకి కాపలా. నిజం చెప్పాలంటే, నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. మావారు మొదటి రెండేళ్ళూ "నువ్వూ రావోయ్" అన్నారు. "నాకెందుకులెండి, మీరెళ్ళండి, సామాన్లు ఎవరు చూస్తారు?" అన్నాను. మూడో ఏడాది ఆయన అడగడం మానేశారు. ఆ సామాన్లని ఎవరూ ఎత్తుకుపోరని నాకూ తెలుసు. ఊరంతా అక్కడ బూట్లు వదిలే వెళ్తుంది. అసలు సంగతి భయం. అంతమందిలో పడితే నవ్వుతారేమోనని. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు బాధ్యత.

2022 జనవరిలో ఒకరోజు మా పెద్దదాని స్నేహితురాలు మాతో వచ్చింది. స్కేట్స్ తాళ్ళు బిగించుకుంటూ ఆ పిల్ల, "మీ అమ్మ రారా?" అని అడిగింది. మాది ఎంతో మామూలుగా, "మా అమ్మకి ఇలాంటివి ఇష్టం ఉండవు. కూర్చోవడమే ఇష్టం" అంది.

అందులో తప్పేముంది? పన్నెండేళ్ళ పిల్ల తను చూసింది చెప్పింది. కానీ నాకు ఎక్కడో కలుక్కుమంది. నాకిష్టం లేదని నేనెప్పుడన్నాను? బడిలో తాడాటలో నన్ను మించినవాళ్ళు లేరు. తొక్కుడుబిళ్ళ ఆడితే చీకటి పడ్డా ఇంటికి వచ్చేదాన్ని కాదు. అవన్నీ నా కూతురికి ఎలా తెలుస్తాయి? దానికి తెలిసిన అమ్మ బెంచీ మీద అమ్మే.

ఆ రాత్రి అంట్లు తోముకుంటుంటే, ఎందుకో కాలేజీలో చదివిన పెద్దన గారి మనుచరిత్ర గుర్తొచ్చింది. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి పూసుకుని హిమాలయాలు చూడ్డానికి వెళ్తాడు. మంచుకి ఆ పసరు కాస్తా కరిగిపోయి తిరిగి రాలేకపోతాడు. మా లెక్చరర్ గారు ఆ ఘట్టం చెబుతుంటే క్లాసంతా హిమాలయాల్లోనే ఉండేది. ఇన్నేళ్ళకి నాకు ఇంట్లో ఉండిపోయిన ఆ ఇల్లాలు కళ్ళముందు మెదిలింది. ఎంతమంది అతిథులొచ్చినా విసుక్కోకుండా వండిపెట్టే ఉత్తమురాలని ఆవిడకి పేరు. ఆవిడకి మాత్రం ఆ మంచుకొండలు చూడాలని ఉండదూ? ఆ పసరు రెండు పాదాలకే ఎందుకు సరిపోయింది? పరీక్షలో ఈ ప్రశ్న అడగలేదుగానీ, అడిగుంటే అప్పట్లో నేను కూడా తెల్లకాగితమే ఇచ్చేదాన్ని.

సరే, వచ్చే ఏడాది తప్పకుండా నేర్చుకుంటాను అనుకున్నాను. "వచ్చే ఏడాది" అన్నది మన ఆడవాళ్ళకి మహా ఇష్టమైన మాట కదా. చిన్నాడు కాస్త పెద్దయ్యాక, దానికి పరీక్షలయ్యాక, మోకాలి నొప్పి తగ్గాక.

ఆ వచ్చే ఏడాది కాలువ గడ్డకట్టలేదు.

అవునండీ. 2022-23 చలికాలంలో రీడో కాలువ ఒక్కరోజు కూడా తెరవలేదు. స్కేటింగ్ మొదలుపెట్టిన యాభై ఏళ్ళ పైచిలుకులో అలా జరగడం అదే మొదటిసారి. దాన్ని తెరవాలంటే మంచి ఐసు ముప్ఫై సెంటీమీటర్ల మందం ఉండాలి. ముందు కాలువలో నీళ్ళు తగ్గిస్తారు. పైపొర గట్టిపడ్డాక, పడిన మంచుని ఎప్పటికప్పుడు తోసేస్తారు. ఎందుకంటే మెత్తటి మంచు దుప్పటి లాంటిది, కింద ఉన్న ఐసుకి చలి తగలనివ్వదు. తర్వాత పైన నీళ్ళు పోసి పొర మీద పొర గడ్డకట్టిస్తారు. ఇంత చేసినా వరసగా కొన్ని రోజులు గట్టి చలి ఉంటేనే. ఆ ఏడు చలి వచ్చినట్టే వచ్చి పోయింది, మంచు పడాల్సిన రోజుల్లో వాన పడింది. రోజూ ఎర్రజెండానే. 2024లో తెరిచారుగానీ, ఏవో కొద్దిరోజులు. ఆ కొద్దిరోజుల్లో మా చిన్నాడికి జ్వరం.

అప్పటికి మా పెద్దదానికి పధ్నాలుగు. వారాంతాల్లో దాని స్నేహితులు, దాని లోకం. "మీరెళ్ళండి, నేను రాను" అనడం మొదలైంది. నేను అంతవరకూ కాలువ ఎప్పుడూ ఉంటుందనీ, పిల్లలు ఎప్పుడూ నాతో వస్తారనీ అనుకున్నాను. రెండూ నా కోసం ఆగవని ఆ రెండేళ్ళలో తెలిసింది.

అందుకే 2024 చివర్లో, మా పేటలో ఉన్న ఇండోర్ రింక్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. పగటిపూట పెద్దవాళ్ళ కోసం ఓ గంట కేటాయిస్తారు. వెళ్ళేసరికి అందరూ రిటైరైనవాళ్ళే. డెబ్భై దాటిన ఒకావిడ చేతులు వెనక్కి కట్టుకుని, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు హాయిగా తిరుగుతోంది. నేను గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తుంటే ఆవిడే దగ్గరకొచ్చి చెప్పింది: ముందు పడటం నేర్చుకో, తర్వాత లేవడం, ఆ తర్వాతే నడవడం.

ఆవిడ నేర్పినవి మీకూ చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. మోకాళ్ళు కాస్త వంచి నిలబడాలి. నిటారుగా నిలబడ్డారా, వెనక్కి పడతారు. పాదాల వంక చూడకూడదు, ఎదురుగా చూడాలి. పడిపోతున్నామని తెలిస్తే ఇంకా కిందికి వంగి పక్కకి ఒరగాలి, అరచేతులు ఆన్చకూడదు. పడ్డాక వేళ్ళు ముడిచి పిడికిలి పట్టాలి, పక్కనుంచి వెళ్ళేవాళ్ళ బ్లేడు తగలకుండా. లేచేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పాదం ముందుకి పెట్టి, ఆ మోకాలి మీద రెండు చేతులూ ఆన్చి లేవాలి. స్కేట్స్ మన బూట్ల సైజు కంటే కొంచెం చిన్నవే సరిపోతాయి. చీలమండ దగ్గర తాళ్ళు గట్టిగా బిగించాలి. హెల్మెట్ పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. జడ ఉన్నవాళ్ళు కాస్త కిందకి వేసుకుంటే చాలు, పడుతుంది.

మొదటిరోజు పదకొండుసార్లు పడ్డాను. నేను లెక్కపెట్టాను. నవ్వుతారని పదేళ్ళు భయపడ్డాను కదా, ఒక్కళ్ళు కూడా నవ్వలేదు. అందరూ తమ కాళ్ళు తాము చూసుకునే పనిలో ఉన్నారు.

నాలుగోవారం మణికట్టు బెణికింది. ఈ సంగతి విని మా తెలుగు స్నేహితురాలు ఒకావిడ, "ఈ వయసులో ఇదంతా అవసరమా? చెయ్యి విరిగితే ఇంట్లో వంటెవరు చేస్తారు?" అంది. నా మీద ప్రేమతోనే అంది. అయినా ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మావారు పడితే "దెబ్బ తగిలిందా" అంటాం. పిల్లలు పడితే "ఫరవాలేదు, లే" అంటాం. ఆడది పడితే "వంటెవరు చేస్తారు" అని ఎందుకొస్తుంది ముందు? నన్ను ఇన్నేళ్ళు బెంచీకి కట్టేసిన తాడు అదే. ఎవరో కట్టారంటే అబద్ధం, నేనూ ఒక ముడి వేశాను.

అన్నట్టు, వంట ఎవరు చేశారో చెప్పనా? మావారూ, పిల్లలూ. వారం రోజులు ఉప్మా, మ్యాగీ, పెరుగన్నం. ఎవరూ పస్తులుండలేదు. మా చిన్నాడికి పోపు పెట్టడం వచ్చింది.

మా అమ్మకి ఫోన్‌లో భయపడుతూ చెప్పాను, తిడుతుందని. తిట్టింది కూడా. "నలభై దాటాక నీకీ జారుడేమిటే" అంది. తిట్టి, కాసేపు ఊరుకుని, "నేను కాలవకి అడ్డంగా ఈదేదాన్ని, తెలుసా?" అంది. నాకు తెలీదు. పెళ్ళి కాకముందట. మా మావయ్యలతో పందెం వేసి గెలిచేదట. నాకు తెలిసిన మా అమ్మ, మేం ఈత కొడుతుంటే మా బట్టలు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్న అమ్మే. "మరి మాతో ఎప్పుడూ దిగలేదేమే?" అని అడిగాను. "బట్టలెవరు చూస్తారు?" అంది.

ఇక నేను మాట్లాడలేకపోయాను.

2025 జనవరిలో కాలువ మళ్ళీ తెరిచారు. చలి బాగా పడింది, ఐసు గట్టిగా కట్టింది. మా పెద్దదాన్ని అడిగాను, "ఒక్క గంట నాతో వస్తావా?" అని. "నువ్వు కూర్చుంటావు కదా, నేనెందుకు?" అంది. స్కేట్స్ చూపించాను. అది నా మొహంలోకీ, వాటి వంకా రెండుసార్లు చూసింది.

కాలువ ఐసు రింక్ ఐసులా నున్నగా ఉండదు, పగుళ్ళుంటాయి, గాలి ఎదురు కొడుతుంది. పది అడుగులు వేశానో లేదో పడ్డాను. అది చెయ్యిచ్చి లేపింది. దాని నాలుగో ఏట దాన్ని లేపిన చేతులు మావారివి. నన్ను లేపినవి దాని చేతులు. ఒక కిలోమీటరు వెళ్ళామేమో, తిరిగి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా అది బడి కబుర్లు చెబుతూనే ఉంది. ఇంట్లో నోరు విప్పని పిల్ల! పక్కపక్కన కదులుతూ, ఇద్దరం ముందుకే చూస్తూ ఉంటే మాటలు తేలిగ్గా వస్తాయి కాబోలు. బెంచీ మీద కూర్చుంటే ఆ మాటలు నాకు వినపడేవి కాదు.

అందరూ స్కేటింగ్ చెయ్యాల్సిందేనని నేననడం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఎముకలు బలహీనంగా ఉన్నాయని డాక్టరు చెప్పినవాళ్ళు దిగొద్దు. మంచులో నడవొచ్చు, పిల్లలతో మంచు బొమ్మ చెయ్యొచ్చు, స్లెడ్ మీద వెనకాల కూర్చోవచ్చు. కూర్చోవడం నిజంగా ఇష్టమైనవాళ్ళు చక్కగా పుస్తకం పట్టుకుని కూర్చోండి, అదీ సెలవే. నేను చెప్పేది అలవాటు కొద్దీ కూర్చునేవాళ్ళకి. ఇది ఒట్టావా సంగతే కాదు. మనాలీ వెళ్ళి అద్దె కోటు వేసుకుని, పిల్లలు మంచులో దొర్లుతుంటే హ్యాండ్‌బ్యాగులన్నీ భుజాన వేసుకుని నిలబడే అమ్మల్ని చూడలేదూ? సూర్యలంక బీచ్‌లో చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పాదాలు తడిసేదాకా వెళ్ళి వెనక్కొచ్చేసే అమ్మల్ని?

పిల్లలకి మనం చేసిపెట్టినవి గుర్తుంటాయి, నిజమే. చారు ఘాటు మా పిల్లలు మర్చిపోరు. కానీ వాళ్ళతో కలిసి ఆడిన అమ్మ కూడా గుర్తుండాలి కదా. మా అమ్మ ఈదడం నేను చూడలేదు. ఆ లోటు నాకు తీరేది కాదు.

మళ్ళీ చలి మొదలైంది. ఈసారి కాలువ ఎన్నాళ్ళు తెరుస్తారో ఎవరికీ తెలీదు. ఆకుపచ్చ జెండా ఎగిరిన మొదటి శనివారం వెళ్ళాలని ఇంట్లో చెప్పేశాను. బట్టలు ఎవరివి వాళ్ళే సర్దుకోవాలి, చారు మావారు పెట్టాలి, ఫొటోలు చిన్నాడు తియ్యాలి. బూట్లు బెంచీ కింద పెట్టి వెళ్తాం. పోతే పోనీ.

మీ ఇంట్లో ఫోన్లు తీసి, పోయిన ఏడాది విహారయాత్ర ఫొటోలు ఒకసారి చూడండి. మీరెన్నిట్లో ఉన్నారో లెక్కపెట్టి నాకు చెప్పండి.